ఎర్ర గీత రాని తప్పులు: స్టిల్ట్ + 4 అపార్ట్‌మెంట్ మోడలింగ్ డైరీ

జూన్ 6, 2022, సోమవారం

ఆర్కిటెక్ట్ దగ్గర్నుంచి ఫైనల్ ప్లాన్ ఇవాళ చేతికి వచ్చింది. విజయవాడలో కానూరు వైపు 300 గజాల స్థలం. కింద గోడల్లేని పార్కింగ్ (దాన్నే స్టిల్ట్ అంటాం), పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. బిల్డింగ్ పొడవు 15 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. పొడవు వైపు పిల్లర్ల మధ్య నాలుగు ఖాళీలు, ఒక్కొక్కటి 3.75 మీటర్లు. వెడల్పు వైపు 4.5, 5.5 మీటర్ల చొప్పున రెండు. మొత్తం పదిహేను పిల్లర్లు.

ఓనరు గారు రిటైరైన లెక్కల మాస్టారు. ఉద్యోగంలో దాచుకున్నదంతా ఇందులోనే పెడుతున్నారు. పై అంతస్తులో వాళ్లుంటారట, మిగతావి అద్దెకి, ఒకటి కూతురికి. ప్లాన్ బల్ల మీద పరిచి ఒక మాట అడిగారు: "బాబూ, మా తమ్ముడి ఇంటికి డిజైన్ చేసినాయన కంప్యూటర్లో ఎక్కడా ఎర్ర రంగు రాలేదు కాబట్టి అంతా సేఫ్ అన్నాడు. ఎర్ర రంగు రాకపోతే సరిపోయినట్టేనా?"

"కాదు మాస్టారూ" అన్నాను. ఎందుకు కాదో అప్పటికప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఈ డైరీ రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం, మా ఆఫీసులో ఈ మధ్యే చేరిన అమ్మాయి. ఈటాబ్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేయి చాలా చురుకు. కానీ మోడల్‌లో గీసిన గీతకి, సైటులో పోసే కాంక్రీటుకి సంబంధం ఏమిటో ఇంకా పట్టు దొరకలేదు. ఈ ప్రాజెక్టు మొత్తం తనతోనే చేయిస్తాను.

జూన్ 8, బుధవారం

పిల్లర్ సైజు దగ్గరే మొదటి పేచీ. ప్లాన్‌లో అన్నీ 230 × 450 మి.మీ. తొమ్మిది అంగుళాల గోడలో పిల్లర్ కలిసిపోతే గదిలో మూల కనపడదు, అందుకని అందరూ అదే అడుగుతారు. కానీ విజయవాడ భూకంపాల లెక్కలో మూడో జోన్. భూకంపాలని తట్టుకునే కాంక్రీటు కట్టడాల కోడ్ ఐఎస్ 13920 ప్రకారం డక్టైల్ ఫ్రేమ్ (ఒక్కసారిగా విరగకుండా సాగి వంగేది) అనుకుని లెక్క కట్టాలంటే పిల్లర్ చిన్న వైపు 300 మి.మీ.కి తగ్గకూడదు. ఈ 300 అందరికీ గుర్తుంటుంది. దాని పక్కనే ఉన్న ఇంకో షరతు చాలామంది చూడరు: బీమ్‌లోంచి పిల్లర్‌లోకి వెళ్లే చువ్వల్లో లావుపాటి దాని వ్యాసానికి 20 రెట్లు ఉండాలి. మా బీముల్లో 16 మి.మీ. చువ్వలు వస్తాయి. అంటే 320. కాబట్టి 350 × 450 తీసుకున్నాం.

ఇది కోడ్ కోసం చేసే పని కాదు. భూకంపంలో బీమ్ చివర చువ్వ ఒకసారి లాగుతుంది, ఒకసారి తోస్తుంది. పిల్లర్ లోపల దానికి సరిపడా పట్టు పొడవు లేకపోతే కాంక్రీటులో జారిపోతుంది. ఆ తర్వాత బీమ్‌కి, పిల్లర్‌కి మధ్య ఉన్న బిగింపు కాగితం మీద మాత్రమే ఉంటుంది.

మాస్టారికి ఇదే చెప్పాను. గోడలోంచి 120 మి.మీ. బయటికి వచ్చే చోట్లన్నీ ప్లాన్ మీద ఎర్ర పెన్సిల్‌తో చూపించాను. నాలుగు చోట్ల వార్డ్‌రోబ్ పక్కన పడింది, ఆ లోతులో కలిసిపోతుంది. మూడు బాల్కనీ వైపుకి నెట్టేశాం. హాల్లో ఒక్కటి మిగిలింది. "ఉండనీ బాబూ, అక్కడ దేవుడి పటం పెట్టుకుంటాం" అన్నారు.

జూన్ 10, శుక్రవారం

మోడల్ తయారైంది. రన్ చేసింది అమ్మాయి. తప్పులేమీ లేవని మెసేజ్ వచ్చింది, అన్ని బీములూ పచ్చగా ఉన్నాయి. సంతోషంగా ప్రింట్ తీయబోతుంటే ఆపాను. ముందు ఒక కాగితం తీసుకుని ఈ బిల్డింగ్ బరువెంతో చెప్పు అన్నాను.

ఇద్దరం కూర్చుని చేతితో వేశాం. 125 మి.మీ. స్లాబ్ చదరపు మీటరుకి 3.1 కిలోన్యూటన్లు, ఫ్లోరింగు 1.25. బీములు పరిచి చూస్తే 1.8, పిల్లర్లు 1.2. గోడలకి కొంచెం ఓపిక కావాలి: 230 గోడ, 3 మీటర్ల అంతస్తులో 450 బీమ్ తీసేస్తే 2.55 ఎత్తు, అంటే మీటరు పొడవుకి 0.23 × 20 × 2.55 = 11.7. చుట్టుకొలత 50 మీటర్లు, కిటికీలు తలుపులు పాతిక శాతం తీసేశాం. లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు 35 మీటర్లు, మీటరుకి ప్లాస్టరింగుతో 7. అన్నీ కలిపి చదరపు మీటరుకి 4.6. మొత్తం 12. విస్తీర్ణం 150 చదరపు మీటర్లు కాబట్టి ఒక అంతస్తుకి 1,800. అలాంటివి నాలుగు. పై స్లాబ్ మీద గోడలు లేవు, వెదర్ కోర్సుతో కలిపి 7 చొప్పున 1,050. స్టిల్ట్ పిల్లర్లు ఇంకో 180. కూడితే సుమారు 8,430 కిలోన్యూటన్లు.

మోడల్‌లో పునాదుల దగ్గర రియాక్షన్ల (పునాదులు మోస్తున్న బరువుల) మొత్తం: 10,720.

తేడా 2,290. ఇలాంటి తేడా కనపడగానే మోడల్ అంతా వెతకడం మొదలుపెట్టకూడదు. ముందు ఆ అంకెనే చూడాలి, దేని గుణిజమో. 150 × 5 స్లాబులు × 3.125 = 2,344. దొరికింది. స్లాబ్ బరువు సాఫ్ట్‌వేర్ తనంతట తానే లెక్క కడుతుంది. దాన్నే అమ్మాయి మళ్లీ ఫ్లోర్ లోడ్‌లో చేతితో టైపు చేసింది. మందం ఒకటి, బరువు రెండు. మిగిలిన యాభై కిలోన్యూటన్ల తేడా నా ఉజ్జాయింపులది, దాని గురించి బాధ లేదు.

"ఎక్కువ లోడే కదా సార్, సేఫ్ సైడే కదా" అంది. ఈ మాట నేనూ నా మొదటి ఏడాదిలో అన్నాను. ఎక్కువ బరువు వల్ల పునాదులు పెరుగుతాయి, మాస్టారి డబ్బు మట్టిలోకి పోతుంది. అదొక్కటే కాదు. పిల్లర్ మీద నొక్కుడు ఎక్కువ చూపిస్తే కొన్ని సందర్భాల్లో పిల్లర్ వంపుకి తట్టుకునే శక్తి నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. తక్కువ బరువు, ఎక్కువ కుదుపు ఉన్న కాంబినేషన్‌లోనే కొన్ని పిల్లర్లకి చువ్వ ఎక్కువ కావాలి. 0.9 డెడ్ లోడ్ (కట్టడం సొంత బరువు), 1.5 భూకంపం అనే కాంబినేషన్ కోడ్‌లో పెట్టింది అందుకే.

ఇంకో చెక్ కూడా చేయించాను. మధ్య పిల్లర్ ఒక్కటి తీసుకుని అది మోసే చదరం: 3.75 × 5 = 18.75 చదరపు మీటర్లు. లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) కలిపి నాలుగు అంతస్తులు 14 చొప్పున, పైది 8.5. మొత్తం 64.5. గుణిస్తే 1,209. సరిచేసిన మోడల్ చెప్పింది 1,180. ఇంత దగ్గరగా వచ్చాకే నాకు మోడల్ మీద మొదటి నమ్మకం.

జూన్ 14, మంగళవారం

భూకంపం లెక్కలు. భూకంప బలాల కోడ్ ఐఎస్ 1893, 2016 ప్రకారం. జోన్ 3 కాబట్టి జోన్ ఫ్యాక్టర్ 0.16. ఎనిమిది ఫ్లాట్లు, 200 మందికి మించి ఉండరు, కాబట్టి బిల్డింగు ప్రాముఖ్యత (ఇంపార్టెన్స్) 1. డక్టైల్ ఫ్రేమ్ కాబట్టి, బలాన్ని ఎంత తగ్గించుకోవచ్చో చెప్పే ఆర్ విలువ 5. మట్టి పరీక్షలో నేల గట్టితనం చెప్పే ఎన్ విలువలు 14 నుంచి 20 మధ్య వచ్చాయి, మధ్య రకం నేల.

ఊగే కాలం (పీరియడ్) దగ్గర చాలామంది తడబడతారు. ఇటుక గోడలున్న బిల్డింగుకి కోడ్ సూత్రం 0.09 × ఎత్తు, కింద పొడవు వర్గమూలం. మాకు ఎత్తు 15, పొడవు 15, అంటే 0.35 సెకన్లు. అడ్డంగా 10 మీటర్ల వైపు 0.43. మరి మోడల్ ఏమందంటే 1.24 సెకన్లు. మోడల్‌లో గోడలకి బరువుంది కానీ బిగువు లేదు, అందుకే అంత మెత్తగా ఊగుతోంది. పైగా పగిలిన కాంక్రీటుని లెక్కలోకి తీసుకోవాలని కోడ్ చెప్పినట్టు బీములకి 35 శాతం, పిల్లర్లకి 70 శాతం మాత్రమే జడత్వం (వంగకుండా నిలిచే బిగువు) ఇచ్చాం.

మెత్తగా ఊగితే స్పెక్ట్రమ్‌లో (ఊగే కాలాన్ని బట్టి బలం చెప్పే కోడ్ గీతలో) బలం తగ్గుతుంది. కోడ్ సూత్రం ఇచ్చిన కాలంతో చేతి లెక్క, 0.16లో సగం, స్పెక్ట్రమ్ నుంచి 2.5, ఆర్ 5: 0.08 × 2.5 ÷ 5 = 0.04. సీస్మిక్ బరువు, పాతిక శాతం లైవ్ లోడ్‌తో కలిపి 8,730. బేస్ షియర్, అంటే బిల్డింగు అడుగున పక్కకి తోసే మొత్తం బలం, 349 కిలోన్యూటన్లు. మోడల్ డైనమిక్‌గా ఇచ్చింది 140. ఈ 140నే పట్టుకుని డిజైన్ చేస్తే మళ్లీ ఒక్క ఎర్ర గీత కూడా రాదు. కోడ్ ప్రకారం దాన్ని 349 దాకా హెచ్చించాలి, అంటే రెండున్నర రెట్లు. ఆ స్కేల్ ఫ్యాక్టర్ పెట్టడం ఒక్క నిమిషం పని. మర్చిపోతే బిల్డింగు జీవితమంతా రెండున్నర రెట్లు బలహీనం.

ప్రతి సవరణ తర్వాతా ఈ ఫ్యాక్టర్ మళ్లీ చూడాలని గోడ మీద కాగితం అంటించాం. మోడల్ మారితే పీరియడ్ మారుతుంది, పాత ఫ్యాక్టర్ పనికిరాదు.

జూన్ 17, శుక్రవారం

ఈ ప్రాజెక్టులో అతి ముఖ్యమైన రోజు ఇదే కావచ్చు.

వాస్తు ప్రకారం లిఫ్టు, మెట్లు వాయవ్యంలో పెట్టారు. లిఫ్టు చుట్టూ మూడు వైపులా 200 మి.మీ. కాంక్రీటు గోడ. నిన్నటిదాకా ఆ గోడలు మోడల్‌లో లేవు, ఫ్రేమ్ ఒక్కటే. ఇవాళ పెట్టి రన్ చేశాం. పీరియడ్ 1.24 నుంచి 1.12కి తగ్గింది. అమ్మాయి "బిగువు పెరిగింది సార్" అంది. అంకె చూస్తే నిజమే. బిల్డింగు ఎలా ఊగుతుందో చూపించే మోడ్ షేప్ యానిమేషన్ పెట్టమన్నాను.

తెర మీద బిల్డింగు ఊగలేదు, తిరిగింది. వాయవ్యం మూల దాదాపు కదలకుండా ఉంటే, ఆగ్నేయం మూల తలుపు తెరిచినట్టు బయటికి వెళ్లి వస్తోంది. మొదటి మోడే మెలికది.

కారణం తేలికే. బరువు కేంద్రం దాదాపు ప్లాన్ మధ్యలో ఉంది. బిగువు కేంద్రం లిఫ్టు వైపుకి నాలుగు మీటర్లకు పైగా జరిగిపోయింది. నేల కుదిపినప్పుడు బలం బరువు కేంద్రం దగ్గర పనిచేస్తుంది, ఎదురు నిలబడేది బిగువు కేంద్రం దగ్గర. ఆ రెంటి మధ్య దూరమే మెలిక. ఒక చివర కదలిక రెండో చివరకి 1.9 రెట్లు ఉంది. కోడ్ 1.5 దాటితే క్రమం తప్పిన బిల్డింగ్ అంటుంది. మెలిక మోడ్ పీరియడ్ మిగతా రెంటికంటే ఎక్కువ ఉంటే ప్లానే మార్చమంటుంది. మాకు రెండూ ఉన్నాయి. అయినా పిల్లర్లలో ఒక్కటీ ఎర్రబడలేదు. సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లర్‌నీ విడిగా చూసి, దీనికి ఇంత చువ్వ వేస్తే సరిపోతుంది అంటుంది. మొత్తం బిల్డింగు ఎలా కదులుతోందో అది మనమే చూడాలి.

దీంతో పాటు ఇంకో సమస్య మొదటి రోజు నుంచీ మనసులో ఉంది: స్టిల్ట్. పై నాలుగు అంతస్తుల్లో ఇటుక గోడలు, కింద ఖాళీ. గోడలున్న పై భాగం పెట్టెలా బిగుసుకుని ఉంటుంది, కదలికంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. 2001 జనవరి 26న కచ్‌లో వచ్చిన భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. మన ఊళ్లలో కడుతున్నవీ అవే ఆకారాలు. అందుకే 2016 కోడ్ ఖాళీ అంతస్తు ఉంటే కాంక్రీటు గోడలో, బ్రేసింగో (ఏటవాలు కట్టుదిట్టాలో) పెట్టమని చెబుతోంది.

రెండు సమస్యలకీ మందు ఒకటే అని సాయంత్రం తట్టింది. కాంక్రీటు గోడలు ఎలాగూ పెట్టాలి కదా, అవి లిఫ్టుకి ఎదురు మూలలో పెడితే? ఆగ్నేయంలో రెండు గోడలు, ఒక్కొక్కటి 1.5 మీటర్ల పొడవు, 200 మందం. ఒకటి ఉత్తర దక్షిణంగా, ఒకటి తూర్పు పడమరగా. పునాది నుంచి టెర్రస్ దాకా ఆగకుండా. స్టిల్ట్‌లో మాత్రమే పెట్టి పైన ఆపేస్తే మొదటి స్లాబ్ దగ్గర ఇంకో సమస్య పుడుతుంది.

కొత్త పీరియడ్లు: అడ్డంగా 0.82, పొడవునా 0.76, మెలిక 0.55. మెలిక మూడో స్థానానికి వెళ్లింది. కదలికల నిష్పత్తి 1.2.

యానిమేషన్ మళ్లీ పెట్టాం. ఈసారి బిల్డింగు మొత్తం ఒకే మనిషిలా పక్కకి ఊగింది. అమ్మాయి ముఖంలో ఆ క్షణం అర్థమైందన్న వెలుగు కనపడింది. నాకు రోజంతా పడిన అలసట పోయింది.

జూన్ 20, సోమవారం

ఆ గోడ వల్ల ఒక కారు పార్కింగ్ ఇరుకైంది. ఆర్కిటెక్ట్‌తో గంట ఫోన్‌లో. గోడని కార్ల మధ్య గీత మీదకి 40 సెంటీమీటర్లు జరిపాం. ఫ్యాక్టర్ మళ్లీ చూశాం. సరిపోయింది.

జూన్ 22, బుధవారం

మెట్లు. మోడల్‌లో మెట్లని గీయకుండా వాటి బరువు బీముల మీద వేసేయడం మామూలు అలవాటు. బరువు వరకూ పర్లేదు. కానీ మధ్య ల్యాండింగ్ బీమ్ అంతస్తు సగం ఎత్తులో రెండు పిల్లర్లకి కలుస్తుంది. 3 మీటర్ల పిల్లర్ అక్కడితో రెండు ఒకటిన్నర మీటర్ల ముక్కలవుతుంది. పిల్లర్ పక్కకి వంగకుండా నిలబడే బిగువు ఎత్తు ఘనానికి విలోమంగా ఉంటుంది. ఎత్తు సగమైతే బిగువు ఎనిమిది రెట్లు. బిగువున్న చోటికే బలం పరిగెత్తుకొస్తుంది.

కొన్నేళ్ల క్రితం వేరే ఊళ్లో ఒక పాత బిల్డింగ్ చూడడానికి వెళ్లాను. మెట్ల దగ్గరి పిల్లర్‌లో ల్యాండింగ్ పైనా కిందా ఏటవాలు పగుళ్లు. మిగతా పిల్లర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. అప్పటి నుంచి మెట్లు లేని మోడల్ మీద నేను సంతకం పెట్టను.

ఇవాళ ల్యాండింగ్ బీమ్‌ని, మెట్ల స్లాబ్‌ని నిజంగా ఉన్నట్టు గీశాం. మెట్ల ఏటవాలు స్లాబ్ కూడా బ్రేసింగ్‌లా పనిచేస్తుంది, దాన్నీ వదలకూడదు. ఫలితం: ఆ పిల్లర్లో షియర్ (అడ్డంగా కోసే బలం) 24 కిలోన్యూటన్ల నుంచి 71కి వెళ్లింది. పాత మోడల్ 24కే సరిపడా రింగులిచ్చి పచ్చగా చూపించింది.

రెండు దారులున్నాయి. ల్యాండింగ్‌ని ప్రధాన పిల్లర్లకి కలపకుండా, కింది బీమ్ మీద నుంచి లేచే చిన్న పిల్లర్ల మీద నిలబెట్టడం ఒకటి. కానీ మా దగ్గర జాగా లేదు. రెండోది, ఆ రెండు పిల్లర్లకి పై నుంచి కింది దాకా, మధ్యలో వదలకుండా దగ్గర రింగులు. 10 మి.మీ. రింగు, లోపల అడ్డ లింకులు, 75 మి.మీ.కి ఒకటి. అదే వేశాం. డ్రాయింగులో ఆ రెండు పిల్లర్లకీ వేరే పేరు పెట్టాం, సైటులో మిగతావాటితో కలిసిపోకుండా.

జూన్ 27, సోమవారం

మాస్టారు వచ్చారు. పాత ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పగలిగాను. ఇప్పటిదాకా దొరికిన తప్పులన్నీ ఆయన ముందు పెట్టాను: బరువు రెండుసార్లు లెక్కపెట్టడం, బేస్ షియర్ హెచ్చించకపోవడం, మెలిక, మెట్లు. ఒక్కదానికీ ఎర్ర రంగు రాలేదు. ఎర్ర రంగు వచ్చేది మనం చెప్పిన బిల్డింగులో చువ్వ చాలనప్పుడు. మనం చెప్పిన బిల్డింగే అసలు బిల్డింగ్ కాకపోతే అది గుర్తుపట్టలేదు. ఆయన తలూపి, "లెక్క తప్పు వేరు, లెక్కని తప్పుగా ఎత్తుకోవడం వేరు. పిల్లలకి ముప్పై ఏళ్లు అదే చెప్పాను" అన్నారు.

ఆయన ఉండగానే ఐదోది దొరికింది. తూర్పు బాల్కనీ. 1.2 మీటర్లు ముందుకి వచ్చిన స్లాబ్. దాని వెనక ఒక ఫ్లాట్‌లో బెడ్‌రూమ్, రెండో ఫ్లాట్‌లో బాత్‌రూమ్. బాత్‌రూమ్ స్లాబ్ పైపుల కోసం 300 మి.మీ. కిందికి దించాలి. బెడ్‌రూమ్ దగ్గర ఇబ్బంది లేదు, బాల్కనీ పై చువ్వ అదే మట్టంలో వెనక్కి వెళ్లి గది స్లాబ్‌లో పట్టుకుంటుంది. బాత్‌రూమ్ దగ్గర వెనక పట్టుకోవడానికి ఏమీ లేదు. బాల్కనీ మొత్తం ఆ ఒక్క బీమ్‌ని మెలిపెడుతూ వేలాడుతుంది.

మోడల్‌లో ఇది ఎందుకు కనపడలేదంటే, స్లాబుల్ని మెంబ్రేన్‌గా తీసుకున్నాం. మెంబ్రేన్ బరువుని బీములకి పంచుతుంది, అంతే. దానికి వంపు తెలియదు, కాబట్టి బీమ్‌ని మెలిపెట్టడం కూడా తెలియదు. మామూలు గదులకి ఇది సరిపోతుంది, లెక్క చకచకా అవుతుంది. వేలాడే స్లాబుకి మాత్రం మోసం చేస్తుంది.

మాస్టారి ముందే కాగితం మీద వేశాను. 150 మి.మీ. స్లాబ్, ఫ్లోరింగు, బాల్కనీ లైవ్ లోడ్ 3 కలిపి చదరపు మీటరుకి 8. చివర పిట్టగోడ మీటరుకి 2.8. మూమెంట్ (వంచే ప్రభావం): 8 × 1.2 × 1.2 ÷ 2 = 5.8, గోడది 2.8 × 1.2 = 3.4. కలిపి 9.1. బీమ్ పొడవు 4.5 కాబట్టి ఒక్కో చివర టార్షన్ (బీమ్‌ని మెలిపెట్టే ప్రభావం) 9.1 × 4.5 ÷ 2 = 20.5. దాన్ని 1.5తో హెచ్చిస్తే 31 కిలోన్యూటన్ మీటర్లు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం దీనికి సమానమైన షియర్ 1.6 × 31 ÷ 0.23, అంటే సుమారు 216 కిలోన్యూటన్లు. ఇది మామూలు షియర్‌కి అదనం. అంతా కలిపితే 230 × 450 బీమ్ ఎం25 రకం కాంక్రీటుకి కోడ్ ఇచ్చిన, చదరపు మి.మీ.కి 3.1 న్యూటన్లు అనే పై హద్దుకి ఆనుకుని నిలబడింది. ఆ హద్దు దాటితే ఎన్ని రింగులేసినా ప్రయోజనం లేదు, సైజే పెంచాలి.

ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. టార్షన్ ఎర్రగా వస్తే బీమ్ టార్షన్ బిగువుని 0.01 చేసేసి ఎర్ర రంగు పోగొట్టడం చాలామంది చేస్తారు. పక్క బీమ్ కొంచెం వంగడం వల్ల వచ్చే మెలిక అయితే అలా వదిలేయచ్చు, ఆ బీమ్ కాస్త పగిలి తిరిగాక బలం వేరే దారిలో పోతుంది. బాల్కనీకి వేరే దారి లేదు. మెలిక పోతే బాల్కనీ పోతుంది. ఏ టార్షన్ వదిలేయచ్చో, ఏది వదలకూడదో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. "ఇది తిరిగిపోతే పైనున్నది పడిపోతుందా?" అని ప్రతిసారీ మనల్ని మనం అడగాలి.

పరిష్కారం: బాత్‌రూమ్ రెండు పక్కల గోడల కింద బీములున్నాయి. వాటినే 1.2 మీటర్లు ముందుకి పొడిగించి, బాల్కనీ చివర ఒక బీమ్ వేసి, స్లాబ్‌ని వాటి మీద కూర్చోబెట్టాం. మెలిక పోయింది. బరువు ఆ బీముల్లో మామూలు వంపుగా మారి వెనక పిల్లర్లకి వెళ్లింది. బాల్కనీ కింద రెండు బీములు కనపడతాయి. కనపడనీ.

జూలై 1, శుక్రవారం

పునాదులు. రెండు మీటర్ల లోతులో నేల చదరపు మీటరుకి 150 కిలోన్యూటన్లు మోస్తుందని రిపోర్టు. మధ్య పిల్లర్‌కి 1,209 కి పది శాతం ఫుటింగు బరువు కలిపి, 150తో భాగిస్తే 8.9. అంటే మూడు మీటర్ల చదరపు ఫుటింగు. పిల్లర్ల మధ్య దూరం ఒకవైపు 3.75, ఇంకోవైపు 4.5, 5.5 మీటర్లు కాబట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కవు. లిఫ్టు గోడలకి, ఆగ్నేయం గోడలకి విడిగా రాఫ్ట్ (పరుపులాంటి పునాది) ముక్కలు.

ఫుటింగు దగ్గర పిల్లర్ పూర్తిగా బిగుసుకుందా, తిరుగుతుందా అనేది తేల్చి చెప్పలేం. నిజం రెంటి మధ్యలో ఉంటుంది. అందుకే రెండు మోడళ్లూ నడిపించి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డిజైన్ చేశాం. బిగించామని మోడల్‌లో చెప్పిన చోట ఫుటింగుని కూడా ఆ మూమెంటుకి డిజైన్ చేయాలి. పైన బిగించి, కింద బరువుకి మాత్రమే ఫుటింగు వేసిన డిజైన్లు చాలా చూశాను.

ప్లింత్ బీములు (నేల మట్టం దగ్గర పిల్లర్లని కలిపేవి) మోడల్‌లో నిజమైన మట్టంలోనే ఉన్నాయి. వాటిని గీయకపోతే స్టిల్ట్ పిల్లర్ ఫుటింగు దాకా ఒకే పొడవుగా లెక్కకి వస్తుంది.

జూలై 5, మంగళవారం

సైటులో మేస్త్రీ గారిని, రాడ్ బెండింగ్ చేసేవాళ్లని కూర్చోబెట్టుకున్నాం. డ్రాయింగులు ఇచ్చే ముందు నేను ఎప్పుడూ చేసే పని ఇది. మోడల్‌లో బీమ్, పిల్లర్ కలిసే చోటు ఒక చుక్క. సైటులో అది పైనా కిందా చువ్వలు, రెండు వైపుల నుంచి వచ్చే బీమ్ చువ్వలు, వాటి కొక్కేలు, రింగులు అన్నీ ఇరుక్కునే అడుగున్నర జాగా. అక్కడ రింగులు కట్టడం కష్టమని చాలా చోట్ల వదిలేస్తారు. మొత్తం ఫ్రేమ్ బిగువు ఆ జాయింటు మీదే ఉందని బొమ్మ గీసి చూపించాను.

రింగు కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంచాలి, తోక 65 మి.మీ.కి తగ్గకూడదు. "తొంభైకి వంచితే ఏమవుద్ది సార్?" అని ఒకాయన అడిగారు. పై కవరు కాంక్రీటు రాలిపోగానే ఆ కొక్కెం విప్పుకుంటుందని, లోపలి కాంక్రీటుని పట్టి ఉంచేవాళ్లు ఉండరని చెప్పాను. అమ్మాయి సంచిలోంచి వైరు తీసి వంచి చూపించింది. నేను మాటల్లో చెప్పినదానికంటే అదే వాళ్లకి బాగా ఎక్కింది.

మెట్ల పిల్లర్ల డ్రాయింగు చూసి మేస్త్రీ గారు ఆగిపోయారు. "75కి ఒక రింగా సార్? కంకర దిగుద్దంటారా?" మంచి ప్రశ్న, నేను కూడా పూర్తిగా ఆలోచించని ప్రశ్న. లింకులతో కలిపి చూస్తే 20 మి.మీ. కంకరకి నిజంగానే ఇరుకు. ఆ రెండు పిల్లర్లకి మాత్రం 12 మి.మీ. కంకరతో మిక్స్ వేరే చేయించాలి, సన్న నీడిల్ వైబ్రేటర్ తెప్పించాలి. శనివారం ఒక పిల్లర్ పంజరం నమూనాగా కట్టి ఉంచుతానన్నారు. పొద్దున్నే ఏడింటికి వెళ్లి చూడాలి, అమ్మాయిని కూడా రమ్మన్నాను.